ఛాతీ సర్జరీ విభాగానికి ఐదు స్టార్లు, బిల్లింగ్ కౌంటర్‌కి రెండు, మొత్తం మీద నాలుగు

నాకు విజయవాడ ఆటోనగర్‌లో ఎయిర్ బ్రేకుల షాపు ఉంది. ఇరవై రెండేళ్లుగా లారీలకు, టిప్పర్లకు, బస్సులకు గాలి లీకులు పట్టడమే నా పని. ఈ ఆస్పత్రి గురించి ఇంత పొడుగ్గా రాయడానికి కారణం ఉంది. మా తమ్ముడికి తగిలిన దెబ్బ చాలా అరుదైనదట. కానీ హైవే మీద బతికే మాలాంటి ఇళ్లలో అది ఎవరికైనా రావచ్చు. వస్తే ఎలాంటి ఆస్పత్రికి పరిగెత్తాలో, వెళ్లాక ఏం అడగాలో ఆ రాత్రి నాకు తెలిసి ఉంటే మూడున్నర గంటలు వృథా అయ్యేవి కావు.

తమ్ముడికి ముప్పై నాలుగేళ్లు. బొలేరో పికప్ నడుపుతాడు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు దించి ఖాళీ బండితో ఇంటికి వస్తున్నాడు. కాజ టోల్ ప్లాజా దాటాక, లైట్లు లేకుండా రోడ్డు మీద ఆగి ఉన్న లారీ వెనక గుద్దాడు. బెల్టు పెట్టుకోలేదు. స్టీరింగ్ నేరుగా రొమ్ము ఎముక మీద కొట్టుకుంది. 108 వాళ్లు ఫోన్ చేస్తే నేను బండేసుకుని వెళ్లేసరికి దగ్గర్లోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఉన్నాడు. పైకి చూస్తే పెద్ద గాయమే లేదు. ఛాతీ మీద ఎర్రగా కమిలిన గీత, అంతే. అందుకే అందరం కాస్త ఊపిరి పీల్చుకున్నాం. అక్కడే పొరపడ్డాం.

ఆ నర్సింగ్ హోమ్ పేరు రాయను. వాళ్లు చేసిన మంచి ముందు చెప్పాలి. కుడి ఊపిరితిత్తి కుంచించుకుపోయి ఛాతీలో గాలి నిండిందని గుర్తించి, వెంటనే పక్కటెముకల మధ్య నుంచి ట్యూబు వేశారు. అది వేయకపోతే తమ్ముడు ఆ గంటలోనే పోయేవాడని తర్వాత ఇక్కడి డాక్టర్లే చెప్పారు. ఆ ట్యూబు రెండో చివర నీళ్లున్న సీసాలో మునిగి ఉంటుంది. లోపలి గాలి బయటికి వస్తే నీళ్లలో బుడగలు వస్తాయి. నేను ఆ సీసా దగ్గరే నిలబడ్డాను.

బుడగలు చూసి లీకు ఎంతదో చెప్పడం నా వృత్తి. సబ్బు నీళ్లు పూస్తే ఎక్కడో ఒక బుడగ లేస్తే అది జాయింటులో చిన్న లీకు. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతున్నా ట్యాంకులో ప్రెషర్ ఎక్కడం లేదంటే మెయిన్ పైపు ఎక్కడో చిరిగినట్టు. తమ్ముడి సీసాలో ప్రతి ఊపిరికీ గళగళమని బుడగలు. దగ్గితే ఉడుకుతున్న ఎసరులా. గంటైనా తగ్గలేదు. రెండో ఎక్స్‌రే తీశారు, ఊపిరితిత్తి విచ్చుకోలేదు. ఈలోగా మెడ, బుగ్గలు ఉబ్బిపోయాయి. వేలితో నొక్కితే చర్మం కింద అప్పడం నలిగినట్టు చిటపటమంది. గొంతు బొంగురుపోయింది. "సార్, ఇది చిన్న లీకు కాదు, ఎక్కడో మెయిన్ లైన్ పోయింది" అని డ్యూటీ డాక్టరుతో అన్నాను. "మీకు తెలియదు, కాసేపు ఓపిక పట్టండి" అన్నారు. సీసాకి సక్షన్ పెట్టారు. తర్వాత రెండో ట్యూబు వేశారు. అందులోనూ బుడగలే. అలా మూడున్నర గంటలు గడిచాక పై ఆస్పత్రికి రాసిచ్చారు. ఇప్పుడు నాకు తెలిసినదేంటంటే, ట్యూబు వేశాక కూడా గాలి ఆగకపోవడం, ఊపిరితిత్తి విచ్చుకోకపోవడం, చర్మం కింద గాలి పాకడం, ఈ మూడూ కలిసి వస్తే శ్వాసనాళం చిరిగిందేమోనని అనుమానించి లోపలికి కెమెరా గొట్టం వేసి చూడాలి. ఇంకో ట్యూబు వేసి కూర్చోవడం దానికి జవాబు కాదు.

తెల్లవారుజామున మూడు గంటలకు వారధి దాటి ఈ ఆస్పత్రి క్యాజువాలిటీకి చేరాం. యాక్సిడెంట్ కేసు కదా, పోలీసు కాగితాలు లేకుండా చేర్చుకోరేమోనని నాకు టెన్షన్. అడిగితే ఎమర్జెన్సీ డాక్టరు తలెత్తకుండానే "వైద్యం ముందు, కాగితాలు తర్వాత. సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. మీరు పక్కకు జరగండి" అన్నారు. గద్దింపులాగే ఉంది గానీ ఆ రాత్రి నేను విన్న మొదటి మంచి మాట అదే.

ఆ తర్వాత జరిగిన ఒక చిన్న పని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నైట్ డ్యూటీ సిస్టరు రెండు చేతులకూ బీపీ చూసింది. ఎడమ చేతికి పైన 116, కుడి చేతికి 84. మళ్లీ కట్టి చూసింది, అదే తేడా. కుడి మణికట్టు దగ్గర నాడి కూడా నీరసంగా ఉందని డాక్టరుకి చెప్పింది. ఆయన ఒక్క క్షణం ఆగి, ఫోన్ తీసి గుండె, ఛాతీ సర్జన్ గారిని లేపారు. అప్పటిదాకా ఎవరూ రెండో చేతికి బీపీ కట్టలేదు. ఛాతీ దెబ్బలో రెండు చేతుల బీపీకి తేడా వస్తే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళానికి ఏదో అయినట్టు అనుమానించాలట. ఆ సిస్టరు రెండు నిమిషాల పనే మా తమ్ముడి కథను మలుపు తిప్పింది. పేరు అడిగి తెలుసుకున్నాను గానీ, ఆమె రాయొద్దంది.

బీపీ నిలకడగా ఉందని నిర్ధారించుకుని సీటీ యాంజియో, అంటే రక్తనాళాలు కనిపించే స్కాన్, తీశారు. నలభై నిమిషాల తర్వాత సర్జన్ గారు బయటికి వచ్చి, ఎక్స్‌రే కవరు వెనక పెన్నుతో బొమ్మ గీసి చెప్పారు. శ్వాసనాళం రెండు కొమ్మలుగా చీలే చోటికి కాస్త పైన, ముందు గోడ చిరిగింది. సరిగ్గా ఆ చిరుగుకి ముందు నుంచే ఒక పెద్ద రక్తనాళం అడ్డంగా వెళ్తుంది. దాని పేరు ఇన్నామినేట్ ఆర్టరీ. గుండె నుంచి బయల్దేరే అయోర్టా వంపు మీద మొదటి కొమ్మ అది. కుడి చేతికి, తలకి కుడివైపున రక్తం దాన్నుంచే వెళ్తుంది. దాని మొదట్లో లోపలి పొర చిరిగి, బయటి పొర బెలూన్‌లా ఉబ్బి ఉంది. ఆ పల్చటి పొర పట్టుకుని ఉన్నంతసేపే ప్రాణం.

ఒక్క దెబ్బకి రెండూ ఎలా పోయాయని అడిగాను. స్టీరింగ్ రొమ్ము ఎముకని వెనక్కి నెడితే మధ్యలో ఉన్నవన్నీ వెన్నెముకకీ దానికీ మధ్య నలుగుతాయి. భయంతో ఊపిరి బిగబట్టిన క్షణంలో గొంతు మూసుకుని ఉంటుంది. లోపల గాలి ప్రెషర్ ఒక్కసారిగా పెరుగుతుంది. పోయేదారి లేక గొట్టం పగులుతుంది. వాల్వు మూసి ఉన్న లైన్‌లో ప్రెషర్ ఎక్కితే హోస్ పేలడం నేను ఎన్నిసార్లు చూశానో. అర్థం కావడానికి నాకు రెండో మాట అవసరం రాలేదు.

ఇక్కడ మా మావయ్య ఒకాయన "హైదరాబాద్ తీసుకెళ్దాం" అని పట్టుబట్టారు. సర్జన్ గారు కోపగించుకోలేదు. "అంబులెన్స్‌లో నాలుగైదు గంటలు. దారిలో ఒక్కసారి గట్టిగా దగ్గినా ఆ బెలూన్ పగలొచ్చు. తర్వాత మీ ఇష్టం" అన్నారు. మా ప్రాంతంలో పెద్ద ఆపరేషన్లు కావన్న అనుమానం మనవాళ్లలో ఇంకా పోలేదు. 2016లో గుంటూరు పెద్దాసుపత్రిలోనే గుండె మార్పిడి జరిగిందని నేను మావయ్యకి గుర్తు చేశాను. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి "ఇక్కడే చేయించు నాయనా" అంది. సంతకం పెట్టాను.

ఇలాంటి దెబ్బలో కష్టమంతా ఏది ముందు అన్న దగ్గరే ఉంది. దీన్ని మాకు విడమర్చి చెప్పింది మత్తు డాక్టరమ్మ గారు. గాలిదారి ముందు కాపాడాలి, అది లేకపోతే మిగతాదేదీ లేదు. కానీ మామూలుగా చేసినట్టు మత్తిచ్చి, కండరాలు సడలించి, గొంతులోంచి ట్యూబు తోసేస్తే అది చిరుగులోంచి పక్కదారి పట్టొచ్చు. సగం తెగిన గొట్టం పూర్తిగా తెగిపోవచ్చు. అప్పుడు ఊపిరి అందించే దారే ఉండదు. పోనీ మెలకువగా ఉంచి ట్యూబు వేస్తే, దగ్గు వచ్చి బీపీ ఎగబాకితే రక్తనాళం పగిలిపోవచ్చు. ఒకదానికి మంచిది ఇంకోదానికి ప్రమాదం. ఇవన్నీ దాచకుండా చెప్పి, బతికే అవకాశం ఉంది, పోయే అవకాశం కూడా ఉంది, పక్షవాతం రావచ్చు అని ఒక్కొక్కటీ చెప్పి మరీ సంతకం తీసుకున్నారు. ఆమె చేతిలోని కాగితం వైపు కాదు, మా కళ్లలోకి చూస్తూ మాట్లాడారు. ఎంత భయపడ్డామో అంత ధైర్యమూ వచ్చింది.

వాళ్లు ఎంచుకున్న దారి ఇది. ట్యూబు వార్డులో వేయలేదు, ఆపరేషన్ థియేటర్‌లోనే వేశారు. సర్జన్లు చేతులు కడుక్కుని, గౌన్లు వేసుకుని, ఛాతీకి మందు పూసి సిద్ధంగా నిలబడ్డాకే మొదలుపెట్టారు. గొంతు మొద్దుబారే మందు, కొద్దిపాటి మత్తు ఇచ్చి, తమ్ముడు తన ఊపిరి తనే పీలుస్తుండగా, సన్నటి బ్రాంకోస్కోపు కెమెరాతో చిరుగుని కళ్లారా చూస్తూ దాన్ని దాటించారు. ఆ కెమెరా మీదుగానే ట్యూబుని జార్చి, ఎడమ ఊపిరితిత్తికి వెళ్లే నాళంలోకి దించారు. ట్యూబు చివరి బెలూన్ చిరుగుకి కింద ఉబ్బింది. అంటే గాలి ఇక చిరుగు దాకా రాదు. అది కుదిరాకే పూర్తి మత్తు. బీపీని కావాలనే వందకి అటూ ఇటూగా తక్కువలో ఉంచారు. గుండె, ఊపిరితిత్తుల పని చేసే మెషీన్ పక్కనే సిద్ధంగా పెట్టుకున్నారు. కానీ వాడలేదు. దాన్ని వాడాలంటే రక్తం గడ్డకట్టకుండా మందివ్వాలి. ఒళ్లంతా దెబ్బలున్న మనిషికి అది మంచిది కాదు.

ఆపరేషన్ ఆరున్నర గంటలు పట్టింది. ఈలోగా రక్తం కావాలంటే ఆటోనగర్ నుంచి పదిహేడు మంది కుర్రాళ్లు వచ్చారు. గ్రీజు చేతులతోనే వచ్చి బ్లడ్ బ్యాంకు బయట వరుస కట్టారు. వాళ్లకి నేను ఎలా చెప్పుకోవాలో తెలియదు. ఈ రివ్యూలోనైనా ఒక మాట ఉండాలని రాశాను.

రొమ్ము ఎముకని మధ్యకి కోసి తెరిచారు. ఆ ఒక్క కోత నుంచే రెండూ అందే చోట దెబ్బ ఉండటం మా అదృష్టమన్నారు. శ్వాసనాళం చిరుగు ఇంకా కిందికి, కుడి కొమ్మలో ఉంటే పక్క నుంచి వేరే కోత పెట్టాల్సి వచ్చేదట. తర్వాత వరుస చూడండి. ముందు బెలూన్ జోలికి పోలేదు. అయోర్టాలో బాగున్న చోటు చూసుకుని, దానికి డాక్రాన్ అనే గుడ్డ గొట్టాన్ని కుట్టారు. దాని రెండో చివర, దెబ్బకి అవతల బాగున్న రక్తనాళానికి కలిపారు. కలిపే కాసేపు కుడివైపు మెదడుకి ఈ దారిన రక్తం ఆగుతుంది. ఎడమవైపు నుంచి సరిపడా వస్తోందో లేదో ప్రెషర్ కొలిచి చూసుకున్నాకే క్లాంపు వేశారు. కొత్త దారిలో రక్తం పారాక, చివరికి చిరిగిన మొదలుని మూసి కుట్టేశారు. మేం కూడా నడిచే లైన్ మీద చెయ్యి వేయాలంటే ముందు బైపాస్ కడతాం, తర్వాత పాతది మూస్తాం. కాకపోతే మాకు ఇంజిన్ ఆపుకునే వీలుంటుంది. వాళ్లు గుండె ఆపకుండా చేశారు.

ఆ రక్తనాళం పక్కకి తొలగాక దాని వెనక శ్వాసనాళం పూర్తిగా కనబడింది. నలిగిన అంచులు కత్తిరించి, కరిగిపోయే దారంతో ఒక్కొక్క కుట్టూ విడివిడిగా వేశారు. ముడులన్నీ గొట్టానికి బయటి వైపు వచ్చేలా చూశారు. లోపల ముడి ఉంటే దాని చుట్టూ కండ పెరిగి దారి ఇరుకవుతుందట.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ తర్వాతి పని. గాలిగొట్టం కుట్లు, కొత్త రక్తనాళం ఒకదానికొకటి ఆనుకోకుండా, మెడ ముందున్న ఒక కండ పట్టీని కిందికి తిప్పి రెండిటి మధ్యా పరిచి కుట్టారు. గాలిగొట్టంలో క్రిములుంటాయి, అవి డాక్రాన్‌కి పట్టుకుంటే వదలవు. రెండూ రాసుకుంటూ ఉంటే కొన్నాళ్లకి మధ్య గోడ అరిగి రక్తం నేరుగా ఊపిరిదారిలోకి రావచ్చు. అలా జరిగితే నిమిషాల్లో మనిషి దక్కడు. అందుకే కొత్త గొట్టాన్ని కూడా కుట్లకి దూరంగా, కాస్త పక్కగా పోనిచ్చారు. ఛాసిస్ కింద రెండు పైపులు రాసుకునే చోట రబ్బరు ముక్క పెట్టకుండా వదిలేసే మెకానిక్‌ని నేను పనిలో ఉంచుకోను. ఈ రోజు బాగుంటే చాలనుకోకుండా, ఏడాది తర్వాత ఏమవుతుందో ఆలోచించి చేసిన పని అది.

మర్నాడు సాయంత్రానికే వెంటిలేటర్ తీసేశారు. మిషన్ గాలి తోస్తున్నంతకాలం కుట్ల మీద ఒత్తిడి ఉంటుంది, ఎంత త్వరగా తన ఊపిరి తాను పీలిస్తే అంత మేలని చెప్పారు. ఐసీయూలోకి నన్ను ఐదు నిమిషాలు పంపారు. తమ్ముడి ముఖం చూడటానికి ముందు మంచం కింద సీసా చూశాను. ఊపిరితో పాటు ట్యూబులో నీళ్లు పైకీ కిందికీ ఊగుతున్నాయి. బుడగ లేదు. దగ్గమన్నారు, దగ్గాడు. ఒక్క బుడగ కూడా లేదు. అక్కడే కూర్చుండిపోయాను. సిస్టరు నాకు నీళ్లిచ్చింది.

వార్డులో ఫిజియోథెరపీ అమ్మాయి రోజుకి నాలుగుసార్లు వచ్చేది. మూడు బంతుల స్పైరోమీటర్ ఇచ్చి పీల్చమనేది. రొమ్ము మీద దిండు ఒత్తిపట్టుకుని దగ్గడం నేర్పింది. నొప్పికి తమ్ముడు విసుక్కున్నా ఆమె వదల్లేదు. కఫం తీయకపోతే న్యుమోనియా వస్తుందని మరదలికి కూడా అర్థమయ్యేలా చెప్పి, ఆ పని ఆమెకి అప్పగించింది. పదమూడో రోజు, ఇంకోసారి బ్రాంకోస్కోపీ చేసి కుట్లు మానుతున్నాయని చూసుకున్నాకే డిశ్చార్జి చేశారు.

ఇప్పుడు లోపాలు. అటెండర్లు పడుకునే హాల్లో ఉన్న ఫ్యాన్లలో సగం తిరగవు. ఐసీయూ బయట ఆడవాళ్లకి విడిగా బాత్రూమ్ లేదు. అమ్మ అర్ధరాత్రి రెండు అంతస్తులు దిగాల్సి వచ్చింది. ఐసీయూ నుంచి పూటకోసారైనా ఎవరో ఒకరు బయటికి వచ్చి చెబుతారన్నారు గానీ, రెండో రోజు పొద్దున్న నుంచి సాయంత్రం దాకా ఎవరూ రాలేదు.

బిల్లింగ్ కౌంటర్ గురించి చెప్పడానికి బాధగా ఉంది. రోడ్డు ప్రమాద బాధితులకి నగదు లేకుండా వైద్యం అందించే కేంద్ర పథకం 2025 మేలో వచ్చింది. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా. చేర్చిన రోజు కౌంటర్లో ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. ఎనిమిదో రోజు పక్క బెడ్ వాళ్లు చెబితే తెలిసింది. అడిగితే "మీరు ముందే అడగాల్సింది" అన్నారు. ప్రాణం మీదికి వచ్చినవాడు పథకాల గురించి ఎలా అడుగుతాడు? చెప్పాల్సింది ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు. మీలో ఎవరికైనా అవసరం వస్తే, ఇంకొకరిని ప్రత్యేకంగా ఈ పనికే పెట్టండి. చేర్చిన గంటలోనే ఈ పథకం ఇక్కడ వర్తిస్తుందా, ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏదైనా వస్తుందా, పోలీసుల నుంచి ఏ కాగితం కావాలి అని అడిగించండి. ఫార్మసీకి మేం తిరిగిచ్చిన మందుల తాలూకు 11,300 రూపాయలు కూడా ఫైనల్ బిల్లులో తగ్గించలేదు. రక్తనాళానికి వేసిన గొట్టం స్టిక్కర్ మాత్రం అడగ్గానే డిశ్చార్జి కాగితాలకి అంటించి ఇచ్చారు. అది జాగ్రత్తగా దాచుకోవాలి. ముందు ముందు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా అడుగుతారు.

ఆరు వారాలకి చెకప్‌కి వెళ్లాం. మళ్లీ కెమెరా వేసి చూశారు. మచ్చ కట్టి గొట్టం ఇరుకయితే నడిచినప్పుడు ఆయాసం, పిల్లికూతలు వస్తాయట. అలాంటిదేమీ లేదు, దారి శుభ్రంగా ఉంది. రెండు చేతుల బీపీ ఇప్పుడు ఒకేలా ఉంది. ఆ కుడి చేతి అంకె నేనే దగ్గరుండి చూశాను. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. స్వరపేటికకి వెళ్లే నరం కమిలి ఉంటుందని, నెలలు పట్టొచ్చని ఈఎన్‌టీ డాక్టరు అన్నారు. రొమ్ము ఎముకకి స్టీలు తీగలు వేశారు కాబట్టి మూడు నెలలు బరువులు ఎత్తకూడదు, స్టీరింగ్ పట్టకూడదు. ఓపీలో సర్జన్ గారిని కలవాలంటే ముందు రోజే టోకెన్ తీసుకోండి. పాత సీటీ సీడీ తప్పకుండా వెంట తీసుకెళ్లండి, కాగితం రిపోర్టు ఒక్కటే చూసి ఆయన ఏమీ చెప్పరు.

మందుల డబ్బు గురించి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. పది రోజుల్లో తేలుస్తామని బిల్లింగ్ మేనేజరు గారు సంతకం పెట్టి ఇచ్చారు. ఈ రోజుకి పదహారు రోజులు. తేలాక ఇక్కడే ఆ సంగతి కూడా రాస్తాను. అప్పటిదాకా నాలుగే.